“కళ్ళు తిరగడం”: తిరిగేది కన్నా, చెవా?

శరీరం నిలకడను చూసుకునేది లోపలి చెవి గనుక “కళ్ళు తిరుగుతున్నాయి” అనడం తప్పనీ, “తల తిరుగుతోంది” అనడమే శాస్త్రీయమనీ నిన్న ఒక మిత్రులు ఇక్కడ రాశారు. చెవి సంగతి నిజమే గాని, పలుకుబడి తప్పన్న మాటను నేను ఒప్పుకోలేను. చెవిలో పుట్టిన తేడా కంట్లో ఎలా కనబడుతుందో అది ఉన్నదున్నట్టు చెబుతోంది.

మన పాఠ్యపుస్తకాలు అర్ధవర్తుల కుల్యలు అని పిలిచే మూడు సన్నని గొట్టాలు ప్రతి చెవిలోనూ ఉంటాయి. కుల్య అంటే కాలువ. వాటిలో అంతరలసిక అనే ద్రవం నిండి ఉంటుంది గనుక ఆ పేరు చక్కగా కుదిరింది. తల తిప్పినప్పుడు గొట్టం తలతోపాటే కదులుతుంది, లోపలి ద్రవం కాస్త వెనకబడుతుంది, ఆ ఒత్తిడికి అక్కడి రోమకణాలు వంగి నాడికి కబురు పంపుతాయి. ఆ కబురు కంటి కండరాలకు చేరి, తల కుడికి తిరిగితే కళ్ళను అంతే మేర ఎడమకు తిప్పుతుంది. నడుస్తూ కూడా మనం దుకాణం పేరు చదవగలగడం అందువల్లనే. ఒప్పులకుప్ప ఆడి ఆగిన పిల్లల కళ్ళలోకి చూడండి. ఒళ్ళు ఆగినా ద్రవం వెంటనే ఆగదు గనుక, కళ్ళు కొద్ది క్షణాలపాటు ఒక పక్కకు మెల్లగా జారుతూ, చటుక్కున వెనక్కి వస్తూ ఉంటాయి. చెవిలో చల్లని నీరో వేడి నీరో పోసినా కళ్ళు ఇలాగే కదులుతాయని గమనించి, అందులోంచి ఒక పరీక్షను రూపొందించిన రాబర్ట్ బారానీకి 1914 నోబెల్ బహుమతి దక్కింది.

మా అమ్మగారు కుడి పక్కకు ఒత్తిగిలగానే మంచం గిర్రున తిరుగుతోందని పట్టె గట్టిగా పట్టుకునేవారు. వైద్యురాలు ఆవిడ తలను కుడికి తిప్పి, ఒక్కసారిగా వెల్లకిలా పడుకోబెట్టి, తల మంచం అంచు దాటి కాస్త కిందికి వాలేలా పట్టుకున్నారు. కొన్ని క్షణాలకు ఆవిడ నల్లగుడ్లు తమ చుట్టూ తాము మెల్లగా మెలితిరిగి, ఉలిక్కిపడ్డట్టు వెనక్కి రావడం నేను కళ్ళారా చూశాను. అరనిమిషంలో అది సద్దుమణిగింది. కుల్యల మొదట్లో ఉండే పేటిక అనే చిన్న సంచిలో ఉండవలసిన సున్నపు రేణువులు ఊడి కుల్యలోకి జారడమే దానికి కారణమట. ఆ రోజు నుంచి “కళ్ళు తిరగడం” నాకు ఉపమానంగా తోచలేదు.

అయితే మిత్రుల అభ్యంతరంలో ఒక న్యాయం ఉంది. గభాలున లేచినప్పుడు రక్తపోటు పడిపోయి చూపు చీకట్లు కమ్మడాన్ని “కళ్ళు బైర్లు కమ్మడం” అంటాం, అడుగు నిలవకపోవడాన్ని “తూలడం” అంటాం. ఈ రెండూ, చివరికి స్పృహ తప్పడం కూడా, నేటి వాడుకలో “కళ్ళు తిరిగి పడిపోయాడు” అనే ఒక్క మాటలో కలిసిపోతున్నాయి. వైద్యుడికి ఇవి వేర్వేరు జబ్బుల జాడలు గనుక ఈ కలగలుపు నాకూ బాధగానే ఉంది.

“గూబ గుయ్యిమనడం” గురించి అడిగినవారికి: నత్తగుల్లలా రెండున్నర చుట్లు పైచిలుకు తిరిగిన కర్ణావర్తంలో ఉన్నదీ ఆ అంతరలసికే, అక్కడి రోమకణాలు వంగితే మెదడుకు అందేది శబ్దం. వినికిడి చూసే ఈ కర్ణావర్తమూ, నిలకడ చూసే ఆ కుల్యలూ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి గనుక, చెవి మీద గట్టి దెబ్బ తగిలితే హోరూ తిప్పూ కలిసి రావచ్చు. “గూబ గుయ్యిమని కళ్ళు గిర్రున తిరిగాయి” అనే వాక్యం ఆ రెంటినీ పట్టుకుంది. తిప్పుకూ తూలుకూ మీ ప్రాంతంలో వేరే మాటలుంటే దయచేసి రాయండి.