వ్యక్తిగత‘మే’ రాజకీయమా, వ్యక్తిగత‘మూ’ రాజకీయమేనా?

పాఠకురాలు: మత్తుమందుల వాడకం మీద పరిశోధించేవాళ్లు తమ సొంత అనుభవాన్నీ సాక్ష్యంగా పెట్టే స్త్రీవాద పద్ధతి గురించి వ్యాసం రాస్తున్నాను. ‘వ్యక్తిగతమే రాజకీయం’ అన్న స్త్రీవాద నినాదంతో మొదలుపెడదామంటే ఆ ‘మే’ దగ్గర కలం ఆగుతోంది. ‘వ్యక్తిగతం కూడా రాజకీయమే’ అని విన్నట్టు గుర్తు. ఏది వాడను?

ఛందోప్రియుడు: రెండోదే. మొదటిదాంట్లో ఏకారం అవధారణం, అంటే ‘అది మాత్రమే’ అని నొక్కి చెప్పడం. వ్యక్తిగతం కానిదేదీ రాజకీయం కాదని అర్థమొస్తుంది.

నల్లసిరా: నినాదాన్ని వ్యాకరణంతో కొడితే ఎలా మాష్టారూ! ‘దేహమే దేవాలయం’ అంటే ఊళ్లో గుళ్లన్నీ మూసెయ్యమనా? పైగా ఈ నినాదమే పేరుగా అమెరికన్ స్త్రీవాది కారొల్ హానిష్ వ్యాసం 1970లో అచ్చయినప్పుడు ఆ పేరు పెట్టింది ఆవిడ కాదు, సంపాదకులు.

ఛందోప్రియుడు: గుడి సంగతి వేరు. పరిశోధనలో ‘మే’ పెడితే మత్తుమందు వాడినవాళ్లకే మాట్లాడే హక్కని తేలుతుంది.

పాఠకురాలు: నా చిక్కూ అదేనండీ. మత్తుపదార్థాలూ స్త్రీలూ అన్న విషయం మీద పనిచేసిన ఎలిజబెత్ ఎట్టోర్, ఆటోఎథ్నోగ్రఫీని, అంటే సొంత అనుభవాన్నే సమాజ పరిశోధనకు ఆధారం చేసుకోవడాన్ని, స్త్రీవాద పద్ధతిగా నిలబెడుతూ 2017లో ఏకంగా పుస్తకమే రాశారు. తాగే మగవాడిని చూసి అయ్యో అంటారు, తాగే ఆడదాన్ని చూసి ‘ఇదేం తల్లి’ అంటారు. ఆ మాట పడ్డ మనిషే పరిశోధకురాలైతే దాన్ని దాచి ప్రశ్నావళి పంచాలా?

వేపచెట్టు: మన వేమన్న ఎప్పుడో తేల్చేశాడు. ‘తినగ తినగ వేము తియ్యనుండు’. గంజాయి గురించి 1953లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త హోవర్డ్ బెకర్ అన్నదీ ఇంచుమించు ఇదే. పొగ పీల్చడం, మత్తెక్కిందని గుర్తుపట్టడం, అది బావుందనుకోవడం, మూడూ నేర్చుకుంటేనే వస్తాయట.

ఛందోప్రియుడు: ‘తీయనుండు’ అనాలి.

వేపచెట్టు: తియ్య అన్నా తీయ అన్నా గురువు, లఘువు. ఆటవెలదికి వచ్చిన నష్టమేం లేదు.

నల్లసిరా: తినేదెవరో వేమన చెప్పలేదు చూడండి. అదే వేపాకు ఆడది నమిలితే తీపి అనరు, తెగింపు అంటారు.

పాఠకురాలు: ఈ ముక్క వ్యాసంలో వాడుకోనా?

నల్లసిరా: నిక్షేపంగా. ‘మే’ మాత్రం తియ్యకండి. మెత్తబడిన నినాదం ఎవరికీ తగలదు.

ఛందోప్రియుడు: అసలు ‘తినగఁ దినగ’ అనుండాలి. ద్రుతం మీద సరళాదేశం, అంటే ‘తినగన్’ చివరి నకారం తర్వాత ‘త’ కాస్తా ‘ద’ అవుతుంది.

వేపచెట్టు: వేమన నోట అరసున్నా! పండితులు దిద్దినదది. వేమన పద్యాల బ్రౌన్ 1829 ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే చూసి చెప్పండి.