థీసిస్ లెక్కలు ఎక్సెల్‌లో చేయొచ్చా, చేయకూడదా?

పరిశోధక విద్యార్థిని:
నా థీసిస్ పట్టికలన్నీ ఎక్సెల్‌లోనే చేశాను. సబ్మిట్ చేయడానికి నెల కూడా లేదు. ఇప్పుడు మా గైడ్ గారు ఎక్సెల్ ఇచ్చే స్టాండర్డ్ డీవియేషన్‌ను (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) నమ్మలేం, అంతా ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ చేయమంటున్నారు. ఒకటే టెన్షన్. నిజంగా అంత తేడా వస్తుందా?

డిగ్రీ లెక్చరర్:
మీ గైడ్ గారు చెప్పింది ఒకప్పుడు అక్షరాలా నిజమండీ. మూడు గడుల్లో 100000001, 100000002, 100000003 వేయండి. సగటు నుంచి తేడాలు -1, 0, 1 కాబట్టి శాంపుల్ స్టాండర్డ్ డీవియేషన్ (3 బదులు 2తో భాగించేది) 1 రావాలి. ఎక్సెల్ 2003కు ముందు వెర్షన్లలో 0 వచ్చేది. కారణం మేం క్లాసులో నేర్పే షార్ట్‌కట్ సూత్రమే: వర్గాల సగటులోంచి సగటు వర్గం తీసేయడం. కాగితం మీద అది తప్పు కాదు. కానీ ఎక్సెల్ ఒక సంఖ్యలో దాదాపు 15 అంకెలే నికరంగా పట్టుకుంటుంది. ఈ వర్గాలకేమో 17 అంకెలు. చివరి అంకెలు రాలిపోతాయి, మనకు కావాల్సిన తేడా ఉండేది సరిగ్గా అక్కడే. 2003లో ముందు సగటు కట్టి, ఆ తర్వాత తేడాలను వర్గం చేసే పద్ధతికి మార్చారు. ఇప్పుడు 1 వస్తుంది. అన్నీ మళ్లీ చేయనక్కర్లేదు.

వ్యవసాయ పరిశోధకుడు:
నేను ఒప్పుకోను సార్. మెకల్లా, విల్సన్ ఎక్సెల్ 97 లోపాల మీద 1999లోనే పేపర్ వేశారు. ఇన్నాళ్లకు సరిచేసిన ఆ 2003 వెర్షన్‌లోనే, 0కీ 1కీ మధ్య ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇవ్వాల్సిన ర్యాండ్ ఫంక్షన్ రుణసంఖ్యలు ఇచ్చింది. ప్యాచ్ వేయాల్సి వచ్చింది. ఆర్‌లో కోడ్ తెరిచి చూసుకోవచ్చు, ఎక్సెల్‌లో లోపల ఏం నడుస్తోందో మనకెలా తెలుస్తుంది?

డిగ్రీ లెక్చరర్:
జవాబు ముందే తెలిసిన డేటా వేసి చూస్తే తెలుస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ అలాంటి డేటా సెట్లను సరైన జవాబులతో సహా అందరికీ అందుబాటులో పెట్టింది. అయినా సాఫ్ట్‌వేర్ మారిస్తే అన్నీ తీరవు. 1, 2, 3, 4కి మొదటి క్వార్టైల్ (డేటాలో పావు వంతు దానికి కింద ఉండే విలువ) ఎక్సెల్‌లోనే ఒక ఫంక్షన్‌తో 1.75, ఇంకోదానితో 1.25. రెండూ తప్పు కాదు, నిర్వచనాలు వేరు. ఏది వాడారో థీసిస్‌లో రాయాలి. ఇక, 2003లో బాగుపడింది ఎక్సెల్ సొంత ఫంక్షనే, చేత్తో టైప్ చేసిన సూత్రం కాదు. అమ్మా, ఎక్కడైనా సూత్రం మీరే టైప్ చేశారా?

పరిశోధక విద్యార్థిని:
చేశాను సార్. మూడో అధ్యాయంలో, ఆ షార్ట్‌కట్ సూత్రమే. అక్కడి విలువలు సెన్సార్ టైమ్‌స్టాంపులు (సమయాన్ని చూపే సంఖ్యలు), ఒక్కొక్కటి 13 అంకెలు. ముందు ఆ పట్టిక మళ్లీ చేస్తాను.