పాత కన్సోల్‌కు వైర్‌లెస్ కంట్రోలర్ తగిలిస్తే ఆట చెడుతుందా?

పాతకార్ట్రిడ్జ్
సూపర్ నింటెండో, ప్లేస్టేషన్ 2 అనే పాత వీడియోగేమ్ కన్సోళ్లు రెండూ ఇప్పటికీ వాడుతున్నాను. కంట్రోలర్ల తీగలు గట్టిపడ్డాయి, ఒకటైతే మెడ దగ్గర వంచి పట్టుకుంటే గాని పనిచేయడం లేదు. పోర్టులో బ్లూటూత్ రిసీవర్ పెట్టి కొత్త కంట్రోలర్‌తో ఆడుకుందామని ఉంది. బటన్ నొక్కిన ఎంతోసేపటికి గాని పాత్ర కదలదని, అలా ఆడితే అసలు ఆటే కాదని మిత్రులు అంటున్నారు. అంత తేడా ఉంటుందా?

తీగపక్షం
ఉంటుంది. సూపర్ నింటెండో కంట్రోలర్ ఎంత సూటిగా పనిచేస్తుందో చూడండి. కన్సోల్ ఒక సంకేతం పంపుతుంది. ఆ క్షణాన ఏ బటన్లు నొక్కి ఉన్నాయో లోపలి షిఫ్ట్ రిజిస్టర్ అనే చిన్న చిప్ పట్టుకుని, 16 బిట్లను ఒకదాని వెంట ఒకటిగా అప్పజెబుతుంది. మిల్లీసెకనులో చిన్న భాగంలో పని పూర్తి. అదే బ్లూటూత్‌లో కంట్రోలర్ చిప్ బటన్‌ను చదవాలి, ప్యాకెట్ కట్టాలి, గాలిలోకి పంపాలి, రిసీవర్ దాన్ని విప్పి, కన్సోల్ అడిగే దాకా సిద్ధంగా ఉంచాలి. ఒక్క ఫ్రేములో, అంటే తెర మీద బొమ్మ ఒకసారి మారేలోగా, దూకాల్సిన చోట ఈ ఆలస్యం ఆటగాడి మీదే పడుతుంది. వేలికీ తెరకూ మధ్య అడ్డేమీ లేకపోవడమే ఆ యంత్రాల గొప్పతనం. దాన్ని చేజేతులా వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

నాలుగోపోర్టు
వైర్‌లెస్ అంటేనే పాత కన్సోళ్లకు పరాయిదన్నట్లు మాట్లాడుతున్నారు. అటారీ కంపెనీ 1983లోనే తన 2600 కన్సోల్ కోసం రేడియోతో పనిచేసే జాయ్‌స్టిక్‌లు తెచ్చింది. గేమ్‌క్యూబ్ కన్సోల్ కోసం నింటెండో 2002లో తెచ్చిన వేవ్‌బర్డ్ కంట్రోలర్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో పనిచేసేది. చిన్న చక్రం తిప్పి 16 చానెళ్లలో ఒకటి ఎంచుకోవాలి. రెండు చిన్న బ్యాటరీలతో చాలా రోజులు నడిచేది. దానితో ఆడినవారెవరూ ఇది అసలు ఆట కాదనలేదు.

తీగపక్షం
వేవ్‌బర్డ్‌ను అదే కంపెనీ, అదే పోర్టు కోసం తయారు చేసింది. అయినా బ్యాటరీ ఆదా కోసం అందులో కంపనం తీసేశారు. కన్సోల్ సంగతి ఎరగని ఈనాటి కంట్రోలర్‌ను మధ్యలో మరో పెట్టె పెట్టి కలపడం వేరు.

ఫ్రేమ్‌లెక్క
ఇద్దరూ 'ఆలస్యం' అంటున్నారే గాని ఎంత అన్నది చెప్పడం లేదు. లెక్క వేద్దాం.

60 హెర్ట్జ్ కన్సోల్‌లో ఒక ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ కాలపు ఆటలు చాలావరకు బటన్లను ఫ్రేముకు ఒక్కసారే చదువుతాయి. అంటే మీరు ఫ్రేము మొదట్లో నొక్కినా మధ్యలో నొక్కినా ఆటకు ఒకటే. ఇప్పుడు వైర్‌లెస్ 5 మిల్లీసెకన్లు కలిపిందనుకోండి. ప్రతి నొక్కూ ఆలస్యం కాదు. చదివే వేళకు ముందున్న ఆ 5 మిల్లీసెకన్లలో నొక్కినవి మాత్రమే తరువాతి ఫ్రేముకు జారతాయి. పదింటిలో సుమారు మూడు. మిగిలిన ఏడింటికి తేడా సున్నా. 10 మిల్లీసెకన్లు అయితే పదింటిలో ఆరు జారతాయి. అది గట్టి ఆటగాడికి తెలుస్తుంది.

ఇక టీవీ సంగతి. పిక్చర్ ట్యూబ్ టీవీ సిగ్నల్ వస్తుండగానే గీసేస్తుంది. ఫ్లాట్ టీవీ బొమ్మను ముందు నిల్వ చేసుకుని, సైజు పెంచి, ఆ తరువాత చూపిస్తుంది. పైగా చాలా టీవీలు పాత కన్సోల్ ఇచ్చే 240 గీతల సిగ్నల్‌ను 480 గీతల ఇంటర్లేస్డ్ (సరి, బేసి గీతలను విడతలుగా పంపే) సిగ్నల్‌గా పొరబడి, అనవసరమైన సవరణ చేస్తాయి. అక్కడ 50 మిల్లీసెకన్లు పోతే ప్రతి నొక్కూ మూడు ఫ్రేములు వెనకబడుతుంది, ఒక్కటీ తప్పించుకోదు. ఆ టీవీ ముందు కూర్చుని తీగను కాపాడుకోవడం ఇంటి తలుపులు తెరిచిపెట్టి అల్మారాకు తాళం వేసినట్లే.

ఎవరి మాటా నమ్మకండి, కొలవండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను కెమెరాతో బొటనవేలు, తెర రెండూ కనిపించేలా వీడియో తీయండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. బటన్ దిగినప్పటి నుంచి పాత్ర కదిలే దాకా ఫ్రేములు లెక్కపెట్టండి. తీగతో కొన్నిసార్లు, వైర్‌లెస్‌తో కొన్నిసార్లు, అదే టీవీ మీద, అదే ఆటలో. రెండు సగటుల మధ్య తేడాయే మీ రిసీవర్ ఆలస్యం. టీవీ, ఆట కలిపే ఆలస్యం రెండు వైపులా ఉంటుంది కనుక కొట్టుకుపోతుంది.

తీగపక్షం
ఫ్లాట్ టీవీ గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటాను. నేను పిక్చర్ ట్యూబ్ మీదే ఆడతాను. కానీ సగటు ఒక్కటే చూస్తే సరిపోదు. టీవీ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, కొన్నాళ్లకు చేతికి అలవాటవుతుంది. బ్లూటూత్ అలా కాదు. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయి. ప్యాకెట్ పోతే మళ్లీ పంపాలి. ఒక దూకు సరిగ్గా పడుతుంది, మరొకటి పడదు, తప్పు వేలిదా రేడియోదా తెలియదు. అందుకని విడివిడి కొలతలు కూడా రాసుకోండి, ఎక్కువ తక్కువలు ఎంతున్నాయో చూడండి.

ఫ్రేమ్‌లెక్క
మంచి మాట. సగటు 6 మిల్లీసెకన్లు ఉండి అప్పుడప్పుడు 25కు పోయే రిసీవర్ కంటే ఎప్పుడూ 9 దగ్గర నిలిచేదే మేలు.

పాతకార్ట్రిడ్జ్
మరి ప్లేస్టేషన్ 2కూ ఇదే లెక్కేనా?

మెమరీకార్డు
అక్కడ ఆలస్యం కంటే పెద్ద సమస్య ఉంది, దాన్ని ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యంగా ఉంది. దాని కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 2లో స్టార్ట్, సెలెక్ట్ వంటి కొన్ని తప్ప బటన్లన్నీ ఎంత గట్టిగా నొక్కారో కూడా చెబుతాయి. మెటల్ గేర్ సాలిడ్ 2 ఆటలో తుపాకి గురిపెట్టాక బటన్‌ను మెల్లగా వదిలితే కాల్చకుండా దించుతాడు, టక్కున వదిలితే కాలుస్తాడు. ఈనాటి కంట్రోలర్లలో చాలావాటి ముఖం మీది బటన్లకు నొక్కారా లేదా అన్నదొక్కటే తెలుసు. దించాలనుకున్న ప్రతిసారీ తుపాకి పేలుతుంది, కాపలావాళ్లంతా పరుగెత్తుకొస్తారు. గ్రాన్ టురిస్మో 3 అనే కార్ల పందెం ఆటలో యాక్సిలరేటర్ పడితే పూర్తిగా పడుతుంది, లేకపోతే అసలు పడదు. అక్కడ కుడి స్టిక్‌కు మార్చుకుని గట్టెక్కవచ్చు.

దీనికి దారి ఉంది. ప్లేస్టేషన్ 3 నాటి డ్యూయల్‌షాక్ 3 బ్లూటూత్‌దే, దాని బటన్లకూ ఒత్తిడి తెలుస్తుంది. ఆ విలువలను కన్సోల్‌కు అందించే రిసీవర్ అయితే ఏమీ పోదు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్ కన్సోళ్లు ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటిలో మెమరీ కార్డు కంట్రోలర్‌లోనే దూరుతుంది. కంట్రోలర్ మారిస్తే కార్డులో సేవ్ చేసే ఆటలకు ఆ చోటే పోతుంది, రిసీవరే కార్డులా నటించగలిగితే తప్ప.

నాలుగోపోర్టు
నా వాదన ఆలస్యం గురించి కాదు. మా అన్నయ్య కుడిచేతి వేళ్లు పూర్తిగా మడవలేడు. చిన్నప్పటి నుంచి తనకిష్టమైన ఆటలన్నీ పక్కన కూర్చుని చూడడమే. బటన్ల స్థానాలు మార్చుకోనిచ్చే రిసీవర్ దొరికాక, తనకు అనువైన పెద్ద కంట్రోలర్‌తో అవే ఆటలు ఆడుతున్నాడు. కంట్రోలర్ పై అంచున ఉండే భుజం బటన్ల పని ఎడమచేతి వైపుకు తెచ్చుకున్నాడు. ఇలాంటి ఆటగాడి ముందు 'అసలు ఆట' అనే మాట అనగలరా?

తీగపక్షం
అనను. మీ అన్నయ్యగారి విషయంలో ఆ రిసీవరే సరైనది, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నేను చెప్పేది రెండు చేతులూ తీగ కంట్రోలర్‌కు సరిపోయి, అది దొరికే అవకాశం ఉన్నవారికి. పాతకార్ట్రిడ్జ్ గారూ, మీ కంట్రోలర్ చావలేదు. మెడ దగ్గర వంచితే పనిచేస్తోందంటే లోపల ఏదో ఒక సన్నతీగ అక్కడే తెగింది. అంతవరకు కత్తిరించి, రంగులు చూసుకుని, మిగిలిన తీగను మళ్లీ అతికించుకోవచ్చు. తీగ కాస్త పొట్టిదవుతుంది, అంతే. కొత్త కంట్రోలర్‌లోని లిథియం బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తుంది, దాన్ని మార్చడం ఇంత తేలిక కాదు.

పాతకార్ట్రిడ్జ్
సూపర్ నింటెండో తీగను ఈ ఆదివారం అతికిస్తాను. ప్లేస్టేషన్ 2కు మాత్రం డ్యూయల్‌షాక్ 3, ఒత్తిడిని అందించే రిసీవర్ కోసం వెతుకుతున్నాను. ఫోను కెమెరాతో కొలిచి, విడివిడి అంకెలతో సహా ఇక్కడే పెడతాను. తీగపక్షం గారూ, ఆ అంకెలు చూశాక కూడా కాదంటే అప్పుడు మళ్లీ వాదిద్దాం.