రిస్పెరిడోన్ ముందు తగ్గించాలా, ట్రైహెక్సిఫెనిడిల్ ముందా? వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దావిడ మందుల గురించి

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న 79 ఏళ్ల పెద్దావిడ. రాత్రిళ్లు కేకలు వేస్తున్నారని రిస్పెరిడోన్ (మానసిక ఉద్రేకాన్ని తగ్గించే మందు) 1 మి.గ్రా. రెండు పూటలా మొదలుపెట్టారు. చేతులు వణికి, కాళ్లు బిగుసుకుపోతే ట్రైహెక్సిఫెనిడిల్ 2 మి.గ్రా. రెండు పూటలా చేర్చారు. దాంతో నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం సరిగ్గా రాకపోవడం, పైగా తికమక. ఆ తికమకను జబ్బు ముదిరిందనుకుని రాత్రికి క్లోనజెపామ్ (మగత తెచ్చే మందు) 0.5 మి.గ్రా. రాశారు. ఒక మందు చేసిన చెడుకు ఇంకో మందు! ఇప్పుడు పగలంతా మగతే. అన్నం ముద్ద మింగకుండా బుగ్గలోనే ఉండిపోతోంది. పొలమారి న్యుమోనియా వస్తుందేమోనని భయంగా ఉంది.

డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో రిస్పెరిడోన్ లాంటి మందులు మరణ ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. ఏదీ ఒక్కసారిగా ఆపకూడదని తెలుసు, ముఖ్యంగా క్లోనజెపామ్. రిస్పెరిడోన్‌ను రెండు వారాలకోసారి పావు వంతు చొప్పున తగ్గిద్దామా అని డాక్టరుగారిని అడగబోతున్నాం. ట్రైహెక్సిఫెనిడిల్ ముందు తీసేస్తే బిగుసుకుపోవడం ఎక్కువవుతుందేమోనని అనుమానం.

వృద్ధుల వైద్యం తెలిసినవాళ్లు, నర్సులు దయచేసి చెప్పండి: మీరు చూసిన కేసుల్లో ఏది ముందు తగ్గించారు? రెండు మార్పుల మధ్య ఎన్నాళ్లు ఆగారు? కేకలకు నొప్పి, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కారణమేమో ముందే చూడమని ఆశ్రమంవాళ్లకు చెప్పాం. నైట్ డ్యూటీ ఆయాలు సులువుగా నింపగలిగే తెలుగు చార్టు ఎవరి దగ్గరైనా ఉందాండీ? నిద్ర, కేకలు, తూలిపడటం, విరేచనం నమోదైతే చాలు.