హరితరేణువులోకి ప్రొటీన్లు వెళ్లే దారి కోసం మా చెల్లి మరో మూడేళ్లు వెళ్లాలా?

సీతమ్మధార అక్క: మా చెల్లి ఇక్కడే విశాఖలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేసింది. జర్మనీలో మూడేళ్ల పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన అవకాశం, వచ్చింది. ఆకు కణాల్లో ఎండతో ఆహారం తయారు చేసే పచ్చటి రేణువే హరితరేణువు. దాని బయట, కణద్రవ్యంలో తయారైన ప్రొటీన్లు అందులోకి ఎలా చేరతాయన్నదే అక్కడి పని. ఇక్కడ ఒక డిగ్రీ కళాశాలలో ఉద్యోగమూ సిద్ధంగా ఉంది. వెళ్లమనాలా, వద్దనాలా?

గాజువాక రైతుబిడ్డ: వద్దనండి. ఆ ప్రొటీను ఏ గుమ్మంలోంచి వెళ్తే మా చోడవరం చెరకుకు ఏమిటి లాభం?

ఎంవీపీ మాస్టారు: లాభం సంగతి తర్వాత, ముందు విషయం వినండి బాబూ. హరితరేణువుకు దాదాపు మూడు వేల రకాల ప్రొటీన్లు కావాలి. దాని సొంత జన్యువులు తయారు చేయగలిగేవి వందకు మించవు. మిగిలినవన్నీ బయట తయారై రెండు పొరలు దాటి లోపలికి రావాలి. వాటిలో చాలావాటి మొదట్లో చిరునామా లాంటి ఒక ముక్క ఉంటుంది. బయటి పొరలో టాక్, లోపలి పొరలో టిక్ అనే ద్వారాలు దాన్ని లోపలికి తీసుకుంటాయి. లోపలికి చేరాక ఆ ముక్క తెగిపోతుంది. ప్రొటీన్లలో ఇలాంటి చిరునామాలు ఉంటాయని తేల్చినందుకే గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ ఇచ్చారు.

లాసన్స్‌బే: వెళ్లనివ్వండి. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు.

గాజువాక రైతుబిడ్డ: నేను కూడా చదివాను మాస్టారూ. ఆ ప్రయోగాలు చాలావరకు బఠాణీ మీదే. మా వైపు బఠాణీ ఎవరు వేస్తారు?

ఎంవీపీ మాస్టారు: బఠాణీ మొలకలు పది రోజుల్లో సిద్ధమవుతాయి, హరితరేణువులు చెదరకుండా దండిగా దొరుకుతాయి. అందుకే 1978 నుంచీ దాన్ని వాడుతున్నారు.

గాజువాక రైతుబిడ్డ: బఠాణీలో తేలింది చెరకులోనూ నిజమేనా? అది చెప్పండి.

ఎంవీపీ మాస్టారు: మంచి ప్రశ్న. టిక్ ద్వారంలో భాగమని కొందరు చెప్పే టిక్ 214 అనే ప్రొటీను జన్యువు గడ్డిజాతి మొక్కల హరితరేణువుల్లో లేదు. వరీ గడ్డిజాతే, మీ చెరకూ గడ్డిజాతే. అక్కడ ఆ ద్వారం ఎలా నడుస్తోందో ఇంకా తేలాలి. మీరు వద్దంటున్న పని అదే.

గాజువాక రైతుబిడ్డ: నాకు పాఠం చెప్పకండి! నేనూ పరిశోధనలో చేరినవాణ్ణే. ఏడు నెలలు ఫెలోషిప్ డబ్బు రాలేదు. నా హాస్టలు బాకీ తీర్చడానికి మా నాన్న అరెకరం అమ్మారు. నేను మధ్యలో వదిలేశాను. పెన్షన్ తీసుకుంటూ వెళ్లమనడం సులువు.

మద్దిలపాలెం: జాతీయ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35, మహిళలకు ఐదేళ్ల సడలింపు. తిరిగొచ్చేనాటికి ఆమె వయసెంతో చూసుకోండి.

ఎంవీపీ మాస్టారు: మీ అరెకరం సంగతి నాకు తెలియదు, బాధగా ఉంది. నా సంగతీ చెబుతాను. 1988లో నాకూ ప్రయోగశాలలో చోటు వచ్చింది. ఇంటి పెద్దకొడుకువని మా నాన్న ఆపేశారు. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద హరితరేణువు గీసి, లోపలికి ఒక బాణం వేశాను. ఆ బాణం దగ్గర ఏం జరుగుతుందని పిల్లలు అడిగితే పుస్తకంలో ఉన్నదే చెప్పాను. ఆ అమ్మాయి అక్కడికే వెళ్తోంది. ఎవరూ ఆపకూడదు.

గాజువాక రైతుబిడ్డ: ఆపమనడం లేదు. ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పకుండా పంపకూడదంటున్నాను.

సీతమ్మధార అక్క: నేను మొదటే చెప్పాల్సింది. నా భయం ప్రొటీన్ల గురించి కాదు. అమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్. చెల్లి వెళ్తే ఆసుపత్రికి తిప్పడానికి నేనొక్కదాన్నే మిగులుతాను. ఆ మాట దానితో అనలేక ఇక్కడ చెరకు, బఠాణీ వింటున్నాను.

ఎంవీపీ మాస్టారు: అమ్మా, ఆ మాట ఆమెతోనే చెప్పండి. మా నాన్న నాతో కారణం చెప్పలేదు. అదే ఇప్పటికీ మిగిలింది.

గాజువాక రైతుబిడ్డ: అక్కా, జీతం ఎవరిస్తారో, ఏ నెల నుంచి ఇస్తారో ఆ ఉత్తరంలో ఉందా? ఆ పేరా ఇక్కడ పెట్టండి, నేను చదివి చెబుతాను.