పాతిక వేలలో పక్షుల కోసం సెకండ్ హ్యాండ్ కెమెరా: డి3200 తీసుకోవచ్చా?

తెనాలి_కొంగ:
నమస్తే అండీ. బడ్జెట్ 25,000, అంతకు మించి లాగలేను. ముఖ్యంగా ఉప్పలపాడు చెరువు దగ్గర పక్షులు తీయాలి. ఎప్పుడైనా ఇంట్లో వ్రతం, పుట్టినరోజు. వీడియో అక్కర్లేదు. ప్రస్తుతం రెండు బేరాలు ఉన్నాయి.

ఒకటి: నికాన్ డి3200, 18-55 కిట్ లెన్సుతో 13,000. దీనికి తోడు వేరే ఆయన దగ్గర 70-300 ఏఎఫ్-పి విఆర్ (చెయ్యి వణుకుని సరిదిద్దేది) లెన్సు 9,500.
రెండు: కెనాన్ 3000డి, 18-55, 55-250 రెండు లెన్సులతో 21,000.

మొదటిది 24 మెగాపిక్సెల్, పైగా 300 దాకా జూమ్. రెండోది 18 మెగాపిక్సెలే. మనసు మొదటిదాని మీదే ఉంది. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో ఆ లెక్క) అడిగితే "తక్కువే వాడాం" అంటున్నాడు. ఏం చూసుకుని తీసుకోమంటారు?

ఎఫ్_మౌంట్_మావయ్య:
అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగారు, మంచిదైంది. డి3200 మీద ఆ ఏఎఫ్-పి లెన్సు పనిచెయ్యదు. ఆటోఫోకస్ ఒక్కటే పోతుందనుకునేరు, చేత్తో రింగు తిప్పినా ఫోకస్ అవ్వదు. ఏఎఫ్-పిలో స్టెప్పింగ్ మోటారు ఉంటుంది. రింగుకీ లోపలి గాజుకీ నేరుగా లంకె లేదు, రింగు తిప్పితే కెమెరా బాడీ ఆ సంగతి మోటారుకి చెప్పాలి. 2012 నాటి డి3200కి ఈ మోటారుతో మాట్లాడడం రాదు. డి3100, డి5100, డి90, డి7000లదీ ఇదే కథ.

డి3400, డి3500, డి5600, డి7500 అయితే పెట్టెలోంచి తీసి తగిలించుకోవడమే. డి3300, డి5300, డి5500లకి ముందు ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. కాబట్టి 9,500 లెన్సుని వదలకండి, బాడీని మార్చండి. ఆ లెన్సు 415 గ్రాములే, ఫోకస్ చప్పుడు లేకుండా చకచకా పట్టేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇదే లెన్సు విఆర్ లేకుండా కూడా వచ్చింది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండింటికీ పక్కన స్విచ్ ఉండదు. గొట్టం మీద విఆర్ అన్న అక్షరాలు ఉన్నాయో లేదో మీ కళ్లతో చదవండి. చేత్తో పట్టుకుని 300లో తీసేవాళ్లకి అది లేకపోతే కష్టం.

డి3200నే తీసుకోవాలని పంతం ఉంటే వేరే రకం మోటారుండే ఏఎఫ్-ఎస్ 55-200 విఆర్ గానీ 55-300 విఆర్ గానీ వెతకండి. 55-300 ఫోకస్ మాత్రం ఎడ్లబండి.

పిక్సెల్_లెక్క:
మెగాపిక్సెల్ సంగతి పక్కన పెట్టి పిట్ట ఫొటోలో ఎంత పడుతుందో లెక్క వేసుకోండి. సూత్రం చిన్నదే: పిట్ట పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద రాసే 300 లాంటి అంకె) హెచ్చవేసి, దూరంతో భాగించండి. అన్నీ మిల్లీమీటర్లలోనే.

లకుముకి పిట్ట సుమారు 16 సెంటీమీటర్లు. 30 మీటర్ల దూరం, 300 లెన్సు: 160 × 300 ÷ 30,000 = సెన్సర్ (ఫొటో పడే చిప్) మీద 1.6 మిల్లీమీటర్లు. నికాన్ సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, అందులో 6,000 పిక్సెళ్లు. అంటే మొత్తం పిట్ట 410 పిక్సెళ్లు. వాట్సాప్ డీపీకి సరిపోతుంది, గోడకి కాదు. అదే పిట్ట 10 మీటర్లలో ఉంటే 1,200 దాటుతుంది.

మీటరు పొడవుండే ఎర్రకాళ్ల కొంగ 40 మీటర్లలో ఉన్నా 7.5 మిల్లీమీటర్లు, అంటే 1,900 పిక్సెళ్లు. ఉప్పలపాడులో గట్టు మీంచి మీరు తీసేవి ఎక్కువగా కొంగలు, గూడబాతులే కాబట్టి 300 సరిపోతుంది. చిన్న పిట్టల మీద ఆశ పెట్టుకుంటే మాత్రం లెన్సు కాదు, మీరు దగ్గరికి జరగాలి.

కళ్లజోడు_కెనాన్:
కెనాన్ తరఫున ఒక మాట. 55-250 మంచి లెన్సే, అదీ ఎస్‌టిఎమ్ రకం అయితే. పాత ఐఎస్ 2 రకం చప్పుడు చేస్తుంది, నిదానం. కానీ 3000డి బాడీయే నచ్చదు నాకు. లెన్సు తగిలించే మౌంట్ ప్లాస్టిక్, వెనక స్క్రీన్ 2.7 అంగుళాలే, వ్యూఫైండర్ పక్కన డయాప్టర్ చక్రం (మన చూపుకి తగ్గట్టు వ్యూఫైండర్‌ని సరిచేసేది) లేదు. కళ్లజోడు తీసి చూసే అలవాటున్నవాళ్లకి వ్యూఫైండర్ ఎప్పుడూ మసకే. ఆ 18-55, 55-250లతో 1500డి దొరికితే ఆలోచించండి. లేకపోతే పైన చెప్పిన డి3400 దారే మేలు.

బిల్లు_ముందు_టార్చి_తర్వాత:
ఏ బాడీ కొన్నా చూసుకోవాల్సినవి. సొంత ఎస్‌డి కార్డు, సెల్ టార్చి, వీలైతే లాప్‌టాప్ పట్టుకెళ్లండి. పగటిపూట వెళ్లండి.

"తక్కువే వాడాం" అన్నమాట నమ్మనక్కర్లేదు. నికాన్ ప్రతి జేపెగ్‌లోనూ షట్టర్ కౌంట్ రాసి పెడుతుంది. ఎడిట్ చేయని ఫొటోని ఎగ్జిఫ్‌టూల్‌లో (ఫొటోలో దాగిన వివరాలు చూపించే ప్రోగ్రాం) తెరిస్తే కనిపిస్తుంది. ముందే తెప్పించుకోవాలంటే వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫొటోగా పంపితే ఆ వివరాలన్నీ చెరిగిపోతాయి. కెనాన్ 3000డి, 1500డి లాంటివి ఫొటోలో ఆ లెక్క రాయవు. ఫైలు పేరులో 0412 ఉందని మురిసిపోకండి, 9999 తర్వాత మళ్లీ 0001 వస్తుంది కాబట్టి అది 20,410 కూడా కావచ్చు. నికాన్ డి3000 వరస (డి3200, డి3400 లాంటివి) షట్టర్లని లక్ష సార్లకి పరీక్షించారు. లక్ష దాటగానే చచ్చిపోతుందని కాదు, 40 వేల లోపుంటే నిశ్చింత.

సెన్సర్ దుమ్ము: ఐఎస్ఓ (వెలుతురికి సున్నితత్వం) 100, ఎపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 16, ఫోకస్ కావాలని చెడగొట్టి తెల్లగోడనో ఆకాశాన్నో తీసి, జూమ్ చేసి మూలమూలా చూడండి. బూడిదరంగు మెత్తటి చుక్కలైతే దుమ్ము, చేత్తో నొక్కే బ్లోయర్‌తో పోతుంది. నోటితో ఊదకండి, తుంపర అంటుకుంటుంది. వెంట్రుకలాంటి గీత ఎన్నిసార్లు ఊదినా కదలకపోతే అది గీరుడు కావచ్చు, ఆ బాడీని వదిలేయండి.

బూజు: లెన్సు విప్పి, వెనకున్న చిన్న మీట ఉంటే దాన్ని వేలితో జరిపి ఎపర్చర్ తెరవండి. వెనక నుంచి టార్చి ఏటవాలుగా కొట్టి ముందు నుంచి చూడండి. రెండు మూడు ధూళి రేణువులు ఏ లెన్సులోనైనా ఉంటాయి, ఫొటోలో కనిపించవు. సాలెగూడు దారాల్లాగా, చెట్టు వేళ్లలాగా పాకి ఉంటే బూజు. సముద్రం వైపు ఊళ్ల నుంచి వచ్చిన లెన్సుల్లో ఇది మరీ మామూలు. "తుడిస్తే పోతుంది" అంటే తుడిచాకే రమ్మనండి.

ఫోకస్: టేబుల్ మీద పేపరు నిలబెట్టి, లెన్సుని 55కి పెట్టి, మీటరు దూరం నుంచి వ్యూఫైండర్‌లో ఒకటి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఒకటి తీయండి. లైవ్ వ్యూ నేరుగా సెన్సర్ మీదే ఫోకస్ చూసుకుంటుంది, వ్యూఫైండర్‌ది కింద వేరే సెన్సర్. లైవ్ వ్యూది పదునుగా, వ్యూఫైండర్‌ది మసకగా ఉంటే బాడీదో లెన్సుదో కొలత తప్పింది.

ఇక బ్యాటరీ దానంతటది జారి బయటికి రావాలి. గోటితో లాగాల్సి వస్తే ఉబ్బినట్టే.

తెనాలి_కొంగ:
చాలా థాంక్స్ అండీ, డి3200 వదిలేశాను. గుంటూరులో డి3400, ఏఎఫ్-పి 18-55 విఆర్‌తో 15,500 అంటున్నారు. కౌంట్ 38,000. బూజు లేదు, ఎఫ్ 16లో మూడు మెత్తటి చుక్కలున్నాయి. ఫోకస్ పరీక్షకి పేపరుతో పాటు స్కేలు ఏటవాలుగా పెట్టి చూశాను. లైవ్ వ్యూలో గురి పెట్టిన గీతే పదును. వ్యూఫైండర్‌లో 55, ఎఫ్ 5.6, మీటరు దూరంలో పదును సుమారు 2 సెంటీమీటర్లు ముందుకి పడుతోంది. మెనూలో సరిచేసే ఆప్షన్ కనపడలేదు. వదిలేయాలా?

పిక్సెల్_లెక్క:
డి3400లో ఆ సవరింపు లేదు, డి7000 వరస, దానికి పైవాటిలోనే ఉంటుంది. ముందు పరీక్ష ఇంకోసారి చేయండి. ఏటవాలు స్కేలు మోసం చేస్తుంది, ఫోకస్ పాయింటు మనకి కనపడే చతురస్రం కన్నా పెద్దది, పక్క గీతని పట్టుకుంటుంది. కెమెరాకి ఎదురుగా నిటారుగా ఒక పేపరు, దాని పక్కన స్కేలు పెట్టి, పేపరు మీద మధ్య పాయింటుతో గురిపెట్టండి. ట్యూబ్‌లైట్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. ప్రతిసారీ ముందు దూరంగా ఉన్న వస్తువు మీద ఫోకస్ చేసి, తర్వాత పేపరు మీదికి తెచ్చి, ఐదు తీయండి. ఐదూ ఒకే వైపు 2 సెంటీమీటర్లు పడితేనే నిజమైన తేడా. చెదురుమదురుగా పడితే అది మామూలే.

నిజంగానే ఉన్నా కంగారు వద్దు. 55, ఎఫ్ 5.6, మీటరు దూరంలో పదును కనిపించే మందం సుమారు 7 సెంటీమీటర్లు, అంటే ముందుకి మూడున్నర, వెనక్కి మూడున్నర. మీ 2 అందులోనే ఉంది. తప్పు బాడీదే అయితే 300 లెన్సుతో 10 మీటర్ల పిట్ట మీద అది దాదాపు 7 సెంటీమీటర్లు అవుతుంది. అక్కడ మందం 28, ఇటు 14 అటు 14. కాబట్టి పక్షులకి ఇబ్బంది లేదు.

తేడా తెలిసేది రేపు మీరు 35 ఎఫ్ 1.8 లెన్సు కొని మీటరు దూరంలో ముఖం తీసినప్పుడు. అప్పుడు ఫోకస్ 5 సెంటీమీటర్లు ముందుకి పోతుంది, మందం ఇటు 3, అటు 3. కళ్లు మసక, ముక్కు పదును. అలాంటి ఫొటోలకి లైవ్ వ్యూ వాడితే సరి. ఈ లోపం చూపించి బేరం 14,000కి దించండి. 9,500 లెన్సు పోగా మిగిలే 1,500 కార్డుకీ, కెమెరా దాచే డబ్బాకీ కావాలి.

ఎఫ్_మౌంట్_మావయ్య:
లెక్క బాగుంది. కొన్నాక సెట్టింగులు: కొంగలు కూర్చుని ఉంటే షట్టర్ స్పీడు 1/500, ఎగిరితే 1/1600. ఏఎఫ్-సి (కదిలేదాన్ని వదలకుండా ఫోకస్ చేసే పద్ధతి), మధ్య పాయింటు. ఐఎస్ఓ ఆటోలో పెట్టి గరిష్ఠం 3200. చీకటి చెట్ల ముందు తెల్ల కొంగని కెమెరా వెలవెలబోయేలా తీస్తుంది, ఈకల గీతలు కొట్టుకుపోతాయి, ఎక్స్‌పోజర్ -0.7 నుంచి -1 పెట్టండి. ఎండ ముదిరాక నీటి మీద వేడిగాలి వణుకుతుంటే ఎంత మంచి లెన్సైనా మసకే వస్తుంది, పొద్దున్నే వెళ్లండి. ట్రైపాడ్ కొనకండి, గుడ్డసంచిలో కిలో శనగలు పోసి గట్టు గోడ మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి.

ఇంట్లో వ్రతం ఫొటోల్లో ఎల్ఈడీ వెలుగుకి అడ్డంగా నల్లపట్టీలు వస్తే షట్టర్ 1/100కి గానీ 1/50కి గానీ తెండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి వందసార్లు మినుకుతుంది కాబట్టి ఆ స్పీడుల్లో పట్టీలు పడవు.

బిల్లు_ముందు_టార్చి_తర్వాత:
డబ్బా గురించి. తోలు బ్యాగులో బీరువాలో పెట్టకండి, బూజుకి అంతకన్నా మంచి ఇల్లు లేదు. మూతకి రబ్బరు వాచరున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో పావు కిలో సిలికా జెల్ గుడ్డ మూటగా, చిన్న తేమ మీటరు. ముల్లు 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. 60 దాటనివ్వకండి, 30 కిందకీ వద్దు, రబ్బర్లు ఎండిపోతాయి. బియ్యం పోయమని చెప్పేవాళ్లుంటారు, ఆ పిండి దుమ్మంతా జూమ్ గొట్టంలోకి పోతుంది.

నీలం జెల్ గులాబీరంగుకి తిరిగితే 120 డిగ్రీల్లో రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ నీలం అవుతుంది. ఆ నీలంలో కోబాల్ట్ ఉంటుంది, వంట గిన్నెలో వేడి చేయకండి. దానికో పాత రేకు పళ్లెం విడిగా పెట్టుకోండి.