చేతులు కడగడం ఆపలేకపోతున్న 16 ఏళ్ళ అబ్బాయి: విశాఖలో ఎవరికి, ఎలా చూపించాలి?

ప్రశ్న: మధురవాడ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 16 ఏళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. జూన్‌లో హాస్టల్ ఉన్న కళాశాలలో చేర్పించాము. దసరా సెలవులకు ఇంటికి వచ్చినవాడు ఇప్పటివరకు తిరిగి వెళ్ళలేదు. చదువు కష్టంగా ఉందేమో, బెంగ పెట్టుకున్నాడేమో అని మొదట అనుకున్నాము. వారం తిరగకముందే అసలు సంగతి కనిపించింది. పొద్దున్న కొత్త సబ్బు పెడితే మర్నాటి సాయంత్రానికి అరిగిపోతోంది. స్నానానికి వెళితే గంటన్నర దాకా బయటకు రాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి, అన్నం కలుపుకుంటే పులుసు తగిలి మండుతోందని ఇప్పుడు చెంచాతో తింటున్నాడు. కుళాయి తిప్పితే చెయ్యి మళ్ళీ అంటు అవుతుందంటాడు, అందుకని కుళాయి నేనే తిప్పుతున్నాను, తువ్వాలు నేనే అందిస్తున్నాను. "అమ్మా, నువ్వు సరిగ్గా కడుక్కున్నావా" అని నన్ను ఎన్నిసార్లు అడుగుతాడో లెక్కలేదు.

మా అత్తగారికి మడి ఆచారం ఎక్కువ. కార్తీక మాసంలో వాడు తెల్లవారుజామునే తలస్నానం చేస్తుంటే ఆవిడ మొదట మురిసిపోయారు. ఇప్పుడు ఆవిడే భయపడి, ఎవరో ఏదో చేసి ఉంటారని, తాయెత్తు కట్టించమని అంటున్నారు. హాస్టల్‌లో నీళ్ళు వృథా చేస్తున్నాడని వార్డెన్ అందరి ముందూ నిలబెట్టారట. ఆ సంగతి వాడు మొన్ననే చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. ఊళ్ళో ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకెళితే, పది నిమిషాలు మాట్లాడి, ఫోను తీసేసుకుంటే అన్నీ సర్దుకుంటాయని పంపించేశారు. ఫోను తీసేసుకున్నాము. ఏమీ సర్దుకోలేదు.

నా సందేహాలు ఇవి. పిల్లల మానసిక వైద్యులకే చూపించాలా? మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాల్సి వస్తుందా? చినవాల్తేరు ఆస్పత్రి పేరు ఎత్తితేనే మావారు కంగారుపడుతున్నారు. అక్కడికి వెళితే ఉంచేసుకుంటారని, కరెంటు షాకులు ఇస్తారని మా మరిది అంటున్నారు. కళాశాలవాళ్ళకు తెలిస్తే వాడి భవిష్యత్తు ఏమవుతుందో అనే భయం కూడా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం: గాజువాక నుంచి మరో తల్లి

మీరు రాసినది చదువుతుంటే మూడేళ్ళ క్రితం మా ఇల్లే కళ్ళముందు కనిపించిందండీ. మా అమ్మాయికి అప్పుడు 13 ఏళ్ళు. తనది చేతులు కడగడం కాదు. తన వల్ల ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయిపోతుందేమోనని భయం. గ్యాసు కట్టేశానా, తలుపు గడియ పెట్టానా, ఆ మాట అన్నందుకు నాన్నకు ఏమైనా అవుతుందా అని రాత్రి పదకొండు దాటినా అడుగుతూనే ఉండేది. నేను ప్రతిసారీ "ఏమీ కాదమ్మా" అనేదాన్ని. నేను అన్న మాట తనకు ఐదు నిమిషాలు పనిచేసేది, ఆ తరువాత మళ్ళీ అదే ప్రశ్న.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి ఉంది, మీరు అది చేయవద్దు. మొదటిసారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళేటప్పుడు కంటి పరీక్షకని అబద్ధం చెప్పాను. బయట బోర్డు చదవగానే పిల్ల మొహం మాడిపోయింది. లోపల ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరువాత నెల రోజుల పాటు నేను ఎక్కడికి రమ్మన్నా అనుమానంగా చూసేది. బాబుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "నీకు ఇది ఎంత కష్టంగా ఉందో నాకు తెలుస్తోంది, దీనికి వైద్యం ఉంది, చేసేవాళ్ళ దగ్గరకు కలిసి వెళదాం" అంటే చాలు. 16 ఏళ్ళవాడు చిన్నపిల్లవాడు కాదు, తనకు ఏమవుతోందో మనకంటే తనకే ఎక్కువ తెలుసు.

మీ అత్తగారి మాట కూడా తీసిపారేయకండి. మేము సింహాచలం మొక్కు తీర్చుకున్నాము, వైద్యమూ చేయించుకున్నాము. మొక్కు అడ్డం పెట్టుకుని వైద్యాన్ని రెండు నెలలు వాయిదా వేసినందుకే నాకు ఇప్పటికీ బాధ. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఓపీకి మేమూ వెళ్ళాము. వరుసలో మా ముందు స్కూలు యూనిఫాం వేసుకున్న బాబు ఒకడు వాళ్ళ నాన్న భుజం మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. చూపించుకున్నారు, మందులు తీసుకున్నారు, ఆటోలో ఇంటికి వెళ్ళిపోయారు. మేమూ అంతే.

సమాధానం: విశ్రాంత క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం

అమ్మా, పిల్లవాడిని చూడకుండా రోగనిర్ధారణ చేయకూడదు కాబట్టి నిర్ధారణ వైద్యులకే వదిలేస్తున్నాను. అయితే మీరు వర్ణించిన తీరు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అని పిలిచే జబ్బుకు చాలా దగ్గరగా ఉంది. ఇది బాల్యంలో, కౌమారంలో మొదలవడం సాధారణమే. మీ అత్తగారి మడికీ, మీ అబ్బాయి కడుగుడుకూ ఉన్న తేడాను గమనించండి. మడి కట్టుకున్న మనిషికి స్నానం అయ్యాక మనసు నెమ్మదిస్తుంది, వంట మొదలుపెడుతుంది. మీ అబ్బాయికి కడిగిన కొద్దీ అనుమానం పెరుగుతుంది. అంటు అనే ఆలోచన తనకు ఇష్టం లేకుండా వస్తుంది, దానితో భరించలేని ఆందోళన పుడుతుంది, కడిగితే ఆ ఆందోళన కాసేపు తగ్గుతుంది, తగ్గింది కాబట్టి కడగడమే విరుగుడని మెదడు నేర్చుకుని, తరువాతిసారి ఇంకా గట్టిగా కడగమంటుంది. ఇందులో పొగరు లేదు, బద్ధకం లేదు, ఫోనుతో సంబంధం లేదు.

ఇక్కడ మీకు కాస్త కష్టంగా తోచే మాట ఒకటి చెప్పాలి. మీరు కుళాయి తిప్పడం, తువ్వాలు అందించడం, "కడుక్కున్నాను నాన్నా" అని మళ్ళీ మళ్ళీ భరోసా ఇవ్వడం ప్రేమతో చేస్తున్నవే, కానీ అవి జబ్బుకు మేత అవుతున్నాయి. ఇందులో మీ తప్పు లేదు, బిడ్డ అల్లాడుతుంటే ఏ తల్లి అయినా అదే చేస్తుంది. అలాగని రేపటినుంచి అన్నీ ఒక్కసారిగా ఆపేస్తే పిల్లవాడు తట్టుకోలేడు, ఇంట్లో గొడవలు మొదలవుతాయి. ఏది ముందు ఆపాలి, ఎంత ఆపాలి అన్నది థెరపిస్టు, పిల్లవాడు, మీరు ముగ్గురూ కూర్చుని నిర్ణయించుకోవాలి.

ఆ థెరపీ పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. పిల్లవాడి చేతనే భయాల జాబితా రాయిస్తారు. తక్కువ భయపెట్టేది అడుగున, అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది పైన ఉంటుంది. అడుగు మెట్టు నుంచి మొదలుపెట్టి, అంటు అనిపించేదాన్ని ముట్టుకుని, కడుక్కోకుండా ఆ ఆందోళనతోనే కూర్చోవడం నేర్పుతారు. ఆందోళన పెరిగి పెరిగి, కడగకపోయినా దానంతట అదే దిగుతుందని పిల్లవాడు తన ఒంటితో తెలుసుకోవాలి, మనం ఎంత చెప్పినా చెవికి ఎక్కదు. సాధారణంగా 12 నుంచి 20 దాకా సిట్టింగులు పడతాయి, వాటి మధ్య ఇంట్లో రోజూ సాధన ఉంటుంది. అందుకే బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్ళమని ఎవరైనా సలహా ఇచ్చినా మొదటి అడుగుగా అది అవసరం లేదంటాను. వారం వారం కలవగలిగే మనిషి మీ ఊళ్ళోనే ఉండడం ముఖ్యం. ఇక్కడ సరైన వైద్యం కొన్నాళ్ళు చేయించినా గుణం కనిపించకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు మొహమాటపడకుండా అడగండి. భారతీయ పునరావాస మండలి (ఆర్‌సీఐ) దగ్గర క్లినికల్ సైకాలజిస్టుగా నమోదై ఉన్నారా? పిల్లల్లో ఓసీడీకి ఈ పద్ధతిలో చికిత్స చేసిన అనుభవం ఉందా? కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివారికీ ఈ శిక్షణ ఉండదు, మీకు పది నిమిషాల్లో ఫోను సలహా దొరికింది అందుకే.

మందుల గురించి. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులలో సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్ వంటివి పిల్లల ఓసీడీకి ఏళ్ళ తరబడి వాడుతున్నవే. 2004లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ళ లోపు 112 మంది పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనంలో థెరపీ, సెర్ట్రలిన్ రెండూ కలిపి ఇచ్చినవారిలో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. ఇవి మత్తుమందులు కావు, అలవాటుపడి ఇంకా ఇంకా కావాలనిపించే రకం కావు. అయితే తలనొప్పి మాత్రలా ఆ పూటకే పనిచేయవు, ఓసీడీలో పూర్తి ప్రభావం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. మొదటి రెండు వారాల్లో వికారం, నిద్ర తేడా, ఒకచోట నిలవలేకపోవడం రావచ్చు. ఈ వయసువారిలో కొద్దిమందికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో చనిపోవాలనే ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక కూడా ఈ మందుల మీద ఉంది. ఆ హెచ్చరిక ఉన్నది మందుకు భయపడి మానడానికి కాదు, ఆ రోజుల్లో పిల్లవాడిని దగ్గరగా గమనించడానికి, డాక్టరును త్వరత్వరగా కలవడానికి. ప్రవర్తనలో మార్పు కనిపిస్తే ఆ రోజే ఫోను చేయండి. గుణం కనిపించాక కూడా సుమారు ఏడాది పాటు వాడించి, ఆ తరువాత డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. "బాగైంది కదా" అని మీరు మధ్యలో ఆపకండి.

మీ మరిదిగారి భయానికి చట్టమే సమాధానం చెబుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లలను చేర్చుకోవడమే అసాధారణ పరిస్థితుల్లో. బయట ఉంచి చేసే వైద్యం సరిపోదని తేలాలి, ఇద్దరు మానసిక వైద్యులు గానీ, ఒక మానసిక వైద్యుడితోపాటు మరొక అర్హత గల నిపుణుడు గానీ విడివిడిగా పరీక్షించి అవసరమని చెప్పాలి. చేర్చుకున్నా పెద్దల వార్డులో ఉంచకూడదు, తల్లో తండ్రో లేదా వారు నియమించిన మనిషో పిల్లవాడి వెంట ఉన్నన్నాళ్ళూ ఉండాలి, 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. షాక్ చికిత్స సంగతికి వస్తే, సంరక్షకుల సమ్మతి, ఆ బోర్డు ముందస్తు అనుమతి రెండూ లేకుండా మైనర్లకు ఇవ్వడాన్ని చట్టం నిషేధించింది. మత్తు ఇవ్వకుండా చేయడం పెద్దవారికి కూడా నిషిద్ధమే. మీ అబ్బాయి పరిస్థితికి ఇవేవీ అవసరపడేవిగా కనిపించడం లేదు. ఓపీలో చూపించుకుని ఇంటికి రావడమే.

డాక్టరు దగ్గర సమయం దొరికేలోపు రాత్రిపూట ఇబ్బంది ఎక్కువైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ నంబరు 14416 ఉంది. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

సమాధానం: జూనియర్ కళాశాల అధ్యాపకుడు, అక్కయ్యపాలెం

కళాశాల సంగతి మాత్రమే రాస్తాను. వైద్య కారణాల వల్ల విశ్రాంతి అవసరమని డాక్టరు ఇచ్చే పత్రం సాధారణంగా సరిపోతుంది, అందులో జబ్బు పేరు లేకుండా ఇమ్మని డాక్టరును అడగవచ్చు. రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచమని వైద్యులకు పైన చెప్పిన చట్టమే చెబుతోంది. కాకపోతే, మీ అబ్బాయి ఒప్పుకుంటే, నమ్మకస్తుడైన ఒక్క అధ్యాపకుడికి అసలు విషయం చెప్పడం మేలని నా అభిప్రాయం. కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో ఒక అబ్బాయి రికార్డులో రాసిన గీతనే చెరిపి చెరిపి, కాగితం చిరిగేదాకా మళ్ళీ గీసేవాడు. నిర్లక్ష్యమనుకుని నేనే రెండుసార్లు కసిరాను. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ పని చేసేవాడిని కాదు.

వార్డెన్ చేసిన పని గురించి మీరు ఊరుకోకండి. విశాఖలో ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలి. పిల్లలను నలుగురి ముందు అవమానించకూడదు. హాస్టళ్ళకూ, కోచింగ్ కేంద్రాలకూ ఇవి వర్తిస్తాయి. ప్రిన్సిపాల్‌ను కలిసినప్పుడు ఈ తీర్పును గుర్తుచేస్తూ, మీ కౌన్సెలర్ ఎవరని మర్యాదగానే అడగండి.

ప్రశ్న అడిగిన తల్లి తిరిగి రాసినది, ఆరు వారాల తరువాత

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. వాడికి నిజమే చెప్పాము. ఒక రోజంతా మాట్లాడలేదు, మర్నాడు తనే "ఎప్పుడు వెళదాం" అని అడిగాడు. డాక్టరుగారు వాడితో ఒంటరిగా అరగంట మాట్లాడి, తరువాత మమ్మల్ని పిలిచారు. ఓసీడీయేనని చెప్పారు. మెట్లు దిగుతూ వాడు అన్న మాట ఒక్కటే, "దీనికి పేరు ఉందా అమ్మా, నాకొక్కడికే అనుకున్నాను."

సెర్ట్రలిన్ మొదలై ఐదు వారాలు. మొదటి పది రోజులు కడుపులో తిప్పుతోందని సరిగ్గా తినలేదు, ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. వారానికి ఒక సిట్టింగు జరుగుతోంది. వాడి జాబితాలో అడుగు మెట్టు మా అత్తగారి స్టీలు గ్లాసు. దాన్ని పట్టుకుని, కడుక్కోకుండా ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మొదటి రోజు వాడి నుదుటి మీద చెమట పట్టడం చూసి నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అత్తగారే గడియారం చేతిలో పట్టుకుని పక్కన కూర్చున్నారు, ఒక్క మాట కూడా అనలేదు. తాయెత్తు కూడా కట్టారు, దానికి వాడూ ఒప్పుకున్నాడు.

స్నానం ఇంకా నలభై నిమిషాలు పడుతోంది. సబ్బు నాలుగు రోజులు వస్తోంది. వంటింటి కుళాయి వాడే తిప్పుకుంటున్నాడు, స్నానాల గదిలోది మాత్రం ఇంకా నేనే తిప్పుతున్నాను, అది వచ్చే వారం మెట్టు అని థెరపిస్టుగారు చెప్పారు. ఈ ఏడాది పరీక్షల సంగతి ఇంకా తేల్చుకోలేదు. సోమవారం మావారు ప్రిన్సిపాల్‌గారిని కలవబోతున్నారు, అధ్యాపకులవారు రాసిన రెండు అంశాలూ కాగితం మీద రాసి ఇచ్చాను.